మీసాలోడు నవ్వాడన్న కబురు

ఇందుమూలంగా యావన్మంది బంధుమిత్రులకూ, ముఖ్యంగా మా అమ్మగారికీ తెలియజేయడమేమనగా: మన క్షౌరశాలలో ఏళ్ళ తరబడి విశ్వాసంగా కొలువు చేసిన నల్ల దువ్వెన, పళ్ళన్నీ రాలిపోయిన కారణంగా, నేటితో పదవీ విరమణ చేసినది. బెంచీకి విరిగిన కాలి స్థానంలో ఒక ఇటుకను నియమించడమైనది. రెండో కుర్చీని ఆక్రమించిన పిల్లి ఖాళీ చేయనని మొండికేసినందున, దానిని పిల్లలతో సహా అక్కడే ఉండనివ్వాలని తీర్మానించడమైనది. అభ్యంతరాలున్నవారు వాటిని తమ దగ్గరే అట్టిపెట్టుకోగలరు.

అమ్మా, నీ చేతి అన్నం కంటే నీ నోటి చీవాట్లే ఎక్కువ తిని పెరిగిన నీ పెద్దకొడుకు నమస్కారాలు. నేనూ నీ కోడలూ ఒంటికి బాగానే ఉన్నాం. మనసు సంగతి కింద రాస్తాను. నువ్వూ, తమ్ముడూ, మరదలూ కులాసాగా ఉన్నారని రాశావు, సంతోషం. మరదలికి నీ మీద ఫిర్యాదులేమైనా ఉంటే నాకు విడిగా రాయమను. పనికొస్తాయి.

తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. నీ కోడలు ఎదురుగా కూచుని ముద్ద ముద్దకీ నా నోట్లోకి చూస్తుంటే తినక చస్తానా. ఫోనెందుకు ఎత్తవని అడిగావు. నీకు వినబడదు, నాకు భయం, ఇద్దరికీ ఉత్తరమే నయం. ఆ భయమేమిటో చెప్తాను. రంగుల ఫ్యాక్టరీ లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు కదా, ఆ ఆవిర్లకి చిన్న రవ్వ తగిలినా ప్రమాదమని. గేటుకి ఎదురుగా ఉన్నది మన షాపే కాబట్టి పొద్దుటి షిఫ్టు వాళ్ళు చాలామంది ఫోన్లు నా సొరుగులో పడేసి రోడ్డు దాటేవారు. ప్రమాదం జరిగిన రోజు టీ వేళ దాటాక, పొడి కలిపే షెడ్డు కప్పు కూలిందన్న కబురు ఊళ్ళోకి పాకగానే, ఇళ్ళలో ఉన్నవాళ్ళంతా ఆ ఫోన్లకే చేశారు. సొరుగంతా మోగిందమ్మా. ఒకటి ఆగితే ఇంకోటి. ఎత్తి ఏం చెప్పను? కుర్చీ వీపు పట్టుకుని అలా నిలబడిపోయాను. అప్పట్నుంచి ఎక్కడ ఫోను మోగినా అక్కణ్ణించి లేచిపోతాను.

నలుగురితో పాటు ప్రార్థనకి వెళ్తున్నావా, ఇప్పటికైనా దేవుడి మీద నమ్మకం కుదిరిందా అని కూడా అడిగావు. మాకు చదువు చెప్పలేక ఓడిపోయిన పంతులమ్మగారు గుర్తున్నారా? ఆవిడే రోజూ సాయంత్రం గేటు ముందు జనాన్ని కూచోబెడుతున్నారు. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకుంటారు. ఏ దేవుడూ లేనివాళ్ళు ఊరికే కూచుంటారు. చివర్లో ఆవిడ పోయినవాళ్ళ పేర్లు హాజరు పిలిచినట్టు పిలుస్తారు. ఎవరి పేరు పిలిస్తే వాళ్ళింటివాళ్ళు "ఉన్నాం" అంటారు. పూర్వమైతే ఆ గొంతు అనుకరించి పది మందినీ నవ్వించి ఉండేవాణ్ణే. ఇప్పుడు షట్టరు సగం దించుకుని లోపల కూచుని వినేవాణ్ణి. నా నేస్తం మీసాలోడి అసలు పేరు పిలిచినప్పుడు మాత్రం ఎవరూ పలికేవారు కాదు. వాడి పెళ్ళాం వచ్చేది కాదు. పంతులమ్మగారు కాసేపు ఆగి, తర్వాతి పేరుకి వెళ్ళేవారు.

షాపు తెరవడం లేదేం అన్న నీ ప్రశ్నకి క్రితం ఉత్తరంలో ఒంట్లో నలతగా ఉందని రాశాను. అది అబద్ధం. అసలు సంగతి ఊరందరికీ తెలుసు, నీకే దాచాను. తిట్టాలనిపిస్తే తిట్టు, చివరిదాకా చదివి తిట్టు.

మీసాలోడు నీకు తెలియనివాడు కాదు. నువ్వొచ్చినప్పుడల్లా పరుగున వచ్చి నీకు నా మీద చాడీలు చెప్పేవాడు. ఆ మీసం వాడికి పెళ్ళికి ముందునుంచీ ఉంది. మీసం లేని మొహం వాడి పెళ్ళాం ఎన్నడూ చూడలేదు. షెడ్డు కూలిన రోజు పొద్దున గడ్డం గీయించుకుందామని వచ్చి, ముందురోజు ఓవర్‌టైం చేసిన అలసటకి కుర్చీలోనే గురక పెట్టాడు. నాకు బుద్ధి ఎప్పుడేడ్చింది గనక? మీసం తీసేశాను. మూతి మీద వేడి తువ్వాలు కప్పి, అద్దానికి నా చొక్కా తగిలించి, సైరన్ దాకా ఆగాను. సైరన్ వినగానే వాడు ఉలిక్కిపడి లేచి, నిద్రమొహంతోనే రోడ్డు దాటి గేట్లోకి పరిగెత్తాడు. నేను గుమ్మంలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాను.

పోయినవాళ్ళని ఆసుపత్రిలో వరసగా పడుకోబెట్టారు. అందరి మొహాల మీదా నీలం పొడి. అన్నదమ్ములనే అన్నదమ్ములు పోల్చుకోలేకపోతున్నారు. మీసాలోడి దగ్గరికి వాడి పెళ్ళాన్ని తీసుకెళ్తే వంగి చూసి, "మా ఆయన కాదు. మా ఆయనకి మీసం ఉంటుంది" అని చెప్పి బయటికొచ్చేసింది. ఆ వచ్చిన మొహంలో వెలుగు చూశానమ్మా. ఎక్కడో ఏదో వార్డులో కట్లు కట్టించుకుని పడుకుని ఉంటాడని ఆమె ఆశ. బయట ఏడుస్తున్న ఆడవాళ్ళు ఆమెని అసూయగా చూశారు. నేను బయట బెంచీ మీద ఆమె పక్కనే కూచున్నాను. నాకు తెలుసు. నోరు పెగల్లేదు. పుట్టిందగ్గర్నుంచీ నోరు ముయ్యరా అని నువ్వు మొత్తుకున్న నీ కొడుక్కి, నోరు పెగల్లేదు. మర్నాడంతా ఆమె వార్డు వార్డూ తిరుగుతుంటే వెనకాలే తిరిగాను.

ఆఖరికి చెప్పాను, ఆ మీసం తీసింది నేనేనని. ఎవరూ నమ్మలేదు. నేను చెప్పింది ఎవరు నమ్ముతారు? ఆమె తమ్ముడు, "శవాల దగ్గర కూడా వేళాకోళమా" అని చెంప పగలగొట్టాడు. అబద్ధాలకి తిన్న దెబ్బలు లెక్కలేవు గానీ నిజం చెప్పి తిన్నది అదే మొదటిది. ఆమె నన్నేమీ అనలేదు. లోపలికి వెళ్ళి, మళ్ళీ వంగి చూసింది. బయటికొచ్చి, నా ముందునుంచే, నేనక్కడ లేనట్టు నడిచి వెళ్ళిపోయింది.

అదమ్మా నా నలత. కత్తి చేతిలోకి తీసుకుని, మళ్ళీ డబ్బాలోనే పెట్టేసేవాణ్ణి. ఊళ్ళో మగాళ్ళందరికీ గడ్డాలు పెరిగాయి. దుఃఖం కొంత, నా షట్టరు కొంత. నన్ను తినేసింది ఒకటే. వాడికి మీసం సంగతి తెలిసిందా? తెలిసి తిట్టుకుంటూ పోయాడా? తెలియకుండానే పోయాడా? రెంటిలో ఏది తక్కువ పాపమో తేల్చుకోలేకపోయాను. ప్రార్థనకి వెళ్ళలేకపోయింది కూడా అందుకే. ఏ మొహం పెట్టుకుని అడగను, ఏమని అడగను?

మొన్న సాయంత్రం షట్టరు కిందనుంచి వంగి ఆమె లోపలికొచ్చింది. నేను లేచి నిలబడ్డాను. వాడి కుర్చీలో కూచుని, అద్దంలోంచి నన్ను చూసింది. పిల్లి కూడా తలెత్తి చూసింది.

"ఆయనకి తెలిసిందో లేదోనని కదా నువ్వు కుళ్ళిపోతున్నావు?" అంది.

తలూపాను.

"తెలిసింది అన్నయ్యా. టీ వేళకి ఫోన్ చేశాడు. లోపల అందరూ చూసి ఒకటే నవ్వట. 'మీ అన్న నా కొంప ముంచాడే. సాయంత్రం వస్తే ఎవడో అనుకుని తలుపేసెయ్యకు' అన్నాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది ఆయనకి."

అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. ఆమె తువ్వాలు అందుకుని నా మీదికి విసిరింది. "ఇంక షాపు తెరువు. ఈ గడ్డాలు చూడలేక చస్తున్నాం" అంది.

బయట పంతులమ్మగారు పేర్లు మొదలుపెట్టారు. ఇద్దరం వెళ్ళి చివర కూచున్నాం. మీసాలోడి పేరు వచ్చింది. ఆమె "ఉన్నాం" అంది. నేనూ అన్నాను, కాస్త ఆలస్యంగా. పంతులమ్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని గానీ తర్వాతి పేరు పిలవలేకపోయారు.

నిన్న షాపు తెరిచాను. మొదటి బేరం ఆమె తమ్ముడే. కుర్చీలో కూచుని, నేను దెబ్బ తిన్న వైపే తన చెంప చూపించి, "గీయి, బావా" అన్నాడు. కాస్త ఆగి, "మీసం జాగ్రత్త" అన్నాడు. తర్వాత ఇద్దరం అద్దంలోకి చూడలేకపోయాం. మెల్లగా గీశాను, ఎక్కడా తెగలేదు.

ఇక నువ్వడిగిన నమ్మకం మాట. దేవుడి సంగతి నాకింకా తెలీదమ్మా. కళ్ళు మూసుకుని చేతులు జోడిస్తే ముక్కు దురద పెడుతోంది. ఆ ఫోను మాట మాత్రం నమ్ముతున్నాను. కుర్చీ తుడుస్తుంటే వాడి నవ్వు, నవ్వు చివర దగ్గు, నా చెవిలో పడుతున్నాయి. నీ నమ్మకం కూడా ఇలాంటిదేనేమో, ఒక ముక్క రాయి.

ఎందుకంటే, ఆ ఫోను మాట శుద్ధ కల్పితం. అందులో ఒక్క అక్షరం నిజం లేదు. వాడు ముందే చెప్పి ఉంటే ఆసుపత్రిలో ఆమె "మా ఆయన కాదు" అని ఎందుకంటుంది? ఆ రోజు వాడి ఫోను నా సొరుగులోనే ఉండిపోయింది. ఆ పూట అన్నిటికంటే ఎక్కువసేపు మోగింది అదే. తెర మీద "హోం మినిస్టర్" అని వెలుగుతూ, ఆరుతూ, మళ్ళీ వెలుగుతూ. పెళ్ళాం నంబరుకి ఆ పేరు పెట్టించింది నేనే. ఆమె నాతో మాట్లాడని ఆ రోజుల్లో, వాళ్ళింటికి వెళ్ళి, తల దించుకుని, ఆ ఫోను ఆమె చేతిలో పెట్టి వచ్చిందీ నేనే.

ఇట్లు,
చెంపదెబ్బ తిన్నా బుద్ధి రాని,
నీ పెద్దోడు