నీళ్లలో తేనె చుక్క

సుశీలా,

ఆ రోజు పొద్దున ఆసుపత్రిలో నువ్వు కాఫీ వద్దన్నావు. మధ్యాహ్నం కళ్లజోడు అడిగితే పెట్టాను. సాయంత్రం నర్సు దాన్ని తీసి, తుడిచి, నా చేతికిచ్చింది. ఇవాళ్టికి ఏడాది.

ఈ వారం నా ఎడమ కన్ను ఎర్రబడింది, చూపు మసకగా ఉంది. సంగతి తెలిసి, ఈ అమెరికాలో మన ట్రాయ్ ఊరి ఇంటి పక్క విమలగారు తేనె సీసా తెచ్చారు.

"అడవి తేనె, అన్నయ్యగారూ. మా అమ్మ పంపింది. పడుకునే ముందు కంట్లో ఒక్క చుక్క వేసుకోండి. మండుతుంది. మండితే పనిచేస్తున్నట్టే."

"పచ్చిమిరపకాయ కూడా మండుతుందమ్మా."

"మీకూ అన్నీ అనుమానాలే, అచ్చం వదినగారిలా!"

నిజమే, నువ్వు ఎవరి తేనెనూ నమ్మేదానివి కాదు. అందుకే నీలాగే గ్లాసుడు నీళ్లలో ఒక చుక్క వేశాను. కరగకుండా తీగలా అడుగుకు దిగింది. కాగితం మీద వేస్తే ఇంకలేదు. అనుమానం తీరిందనుకుని డ్రాపర్ వెతుకుతుంటే అమ్మాయి చూసింది.

"నాన్నా, హనీ ప్యూరా కాదా అని టెస్ట్ చేశావు, ఓకే. కంట్లో వేయొచ్చో లేదో ఎక్కడ టెస్ట్ చేశావు? కన్ను పోతే?"

డ్రాపర్ వెతకడం మానేశాను. ఇంతసేపూ తేనెనే అనుమానించాను, వైద్యాన్ని కాదు. నువ్వు మాత్రం ఎంత మంచి తేనెనైనా నిమ్మరసంలోనే కలిపేదానివి.

రేపు పొద్దున నేనూ అలాగే కలుపుకుని తాగుతాను. రోజూలాగే నీ కళ్లజోడు తుడిచి పెట్టి, అమ్మాయితో కంటి డాక్టరు దగ్గరికి వెళ్తాను.