గదిలో రెండో గంట

కాలీ, మే 4

ఒరేయ్ అర్కాదియో,

బ్వెనవెంతురా వానల్లో నువ్వింకా బూజు పట్టలేదని తలుస్తాను. ఇక్కడ నాకు కాలు నిలవడం లేదు. ఈ నెల 24న, శనివారం, మా పేట సల్సా రికార్డుల సంఘం వాళ్లు మా ఇంటికి పాటలు వినడానికి వస్తున్నారు. ముప్పయ్యేళ్ల నా కల ఇది. విని మెచ్చితే నాకు సభ్యత్వం. ఖాళీ ఒక్కటే ఉంది. పెద్దాయన దోన్ లిసాండ్రో చెవి నీకు తెలుసుగా, సూది అరిగిందని వీధి మలుపు నుంచే చెప్పేస్తాడు.

చిక్కేమిటంటే, పాటలో తాళానికి కర్రతో కొట్టే ఇనుప గంట ఒకసారి కొడితే మా గదిలో రెండుసార్లు మోగుతోంది. రేడియో స్టేషన్లో ఇరవయ్యేళ్లు చేసినవాడివి, మందు చెప్పు.

నీ ఎవెలియో

తా.క. రికార్డులు సారాతో తుడుస్తున్నాను. సగం వాటికి, సగం నాకు.

బ్వెనవెంతురా, మే 8

ఎవెలియో మహాశయా,

ముందు సీసా దించు. అందులో చక్కెర గాడుల్లో అంటుకుపోతుంది. మెత్తని బ్రష్‌తో రికార్డు తిరిగే వైపే దుమ్ము తీయి. సూదిని వేలితో ముట్టుకోకు.

నీ గదికి పట్టింది ప్రతిధ్వని. పలకల నేల, బోడి గోడలు, ఇంకేమవుతుంది? మందపాటి తెరలు కట్టు, నేల మీద దుప్పట్లు పరుచు, స్పీకర్లను మూలల నుంచి మూరెడు ఇవతలికి లాగు.

అర్కాదియో

తా.క. ఏం తీసుకున్నా మీ ఆవిడ ఫాబియోలాను అడిగి తీసుకో.

కాలీ, మే 13

ఒరేయ్ అర్కాదియో,

నీ చేతికి ముద్దు పెట్టాలిరా. పాడేవాడు నా ఒళ్లో కూర్చుని పాడుతున్నట్టుంది. కానీ రెండో గంట పోలేదు. పైగా పెరిగింది. వంటింటి వైపు మరీ ఎక్కువ. చూద్దామని అటు వెళ్తే ఆగిపోతుంది. మా ఆవిడ పాపం తలొంచుకుని అరటికాయలు వేయిస్తూ ఉంటుంది.

నీ ఎవెలియో

తా.క. అడగలేదు. ఆవిడ తెరలూ, పెళ్లినాటి దుప్పటీ తీసుకున్నాను. "శనివారం నేనూ గదిలో కూర్చుంటా" అంది. "నీకేం తెలుస్తుందే ఈ శాస్త్రం, ఆరోజు వేపుళ్ల సంగతి చూడు" అన్నాను. అప్పట్నుంచి మాట్లాడడం లేదు. వినడానికి ఎంత అనువుగా ఉందో.

బ్వెనవెంతురా, మే 17

ఎవెలియో,

వంటింటి గోడ బోలుగా ఉండి ఉంటుంది. పరుపు కట్టు. ఒక్కటి మాత్రం సరిచూసి రాయి: ప్రతిధ్వని అంటే అసలు గంట తర్వాత రావాలి. నీది తర్వాతే వస్తోందా?

అర్కాదియో

తా.క. ఫాబియోలా ఇంకా మాట్లాడడం లేదా? నాకు ప్రతిధ్వని కన్నా అదే భయంగా ఉంది.

కాలీ, మే 22

ఒరేయ్ అర్కాదియో,

కొంప మునిగింది. కొన్ని పాటల్లో ముందే వస్తోంది. నిన్న బొలేరో, అదే మెల్లగా సాగే ప్రేమపాట, పెట్టాను. అందులో గంటే లేదు. అయినా మోగింది. వంటింటి గుమ్మానికి అడ్డంగా మా మంచం పరుపే కట్టేశాను. ఎల్లుండే శనివారం. పరువు నీ చేతిలో ఉంది.

ఎవెలియో

తా.క. భోజనం ఇప్పుడు పెరటి గుండా చుట్టూ తిరిగి వస్తోంది. చల్లారిపోయి.

కాలీ, మే 26

అర్కాదియో అన్నయ్యగారికి,

ఫాబియోలా నమస్కారాలు. మీ స్నేహితుడు కలం పట్టే స్థితిలో లేరు.

శనివారం పదకొండు మంది వచ్చారు, ఎవరి గంట వాళ్లు తెచ్చుకుని. మన కాలీలో పాటను ఊరికే కూర్చుని ఎవరు వింటారు? రికార్డుతో కలిసి కొట్టడం మొదలుపెట్టారు. మూడో పాటకి ఒక్కొక్కరే ఆపేశారు. పరుపు వెనక గంట ఒక్కటే మోగుతోంది. "గోడలో లోపమండీ, మన్నించాలి" అని ఈయన చెమటలు కక్కారు.

దోన్ లిసాండ్రో లేచి పరుపు పక్కకి లాగారు. నా చేతిలో మా నాన్న గంట, గరిటె.

"ఈ చెయ్యి ఎక్కడ నేర్చిందమ్మా?"

"ఇక్కడేనండి. ముప్పయ్యేళ్లుగా ఈయన పాటలన్నీ గోడకి ఇవతల నుంచే విన్నాను."

ఖాళీ ఒక్కటే కదా, అది నాకిచ్చారు. ఈయన ముఖం చూస్తే జాలేసింది అన్నయ్యా, కానీ అంతకన్నా సంతోషమేసింది. సభ్యులు ఒక అతిథిని తీసుకెళ్లొచ్చట. ఈయన నన్ను అడిగితే తీసుకెళ్తాను.

మీ చెల్లెలు
ఫాబియోలా

తా.క. ఇందాక నేను గదిలో పాటలు వింటుంటే వంటింట్లో ఏదో మోగింది. వెళ్లి చూస్తే ఆగిపోయింది. ఈయన తలొంచుకుని అరటికాయలు వేయిస్తున్నారు.