మా రత్నం వేసిన ఐదు వేషాలు

1946 జూన్ 3, తిరుపతి

బడి ఇంకా తెరవలేదు. ఇల్లు అలికినాను, బట్టలు ఉతికినాను, నాయనకు గంజి ఇచ్చినాను. ఇంక పని లేదు. పని లేకపోతే మా చెల్లెలు రత్నం గుర్తొస్తాది.

మాఘంలో పోయింది. మద్రాసు నుంచి తంతి వచ్చేటప్పటికే అంతా అయిపోయిందంట. జబ్బు చేసి అని మాత్రం ఉండాది, ఏం జబ్బో లేదు. నేను చదివి వినిపించినాను. నాయన లేచి, గోడ పట్టుకోని బావి కాడికి పోయి, తలమీద నీళ్ళు పోసుకోని వచ్చినాడు. తొమ్మిదేండ్లుగా ఈ ఇంట్లో ఆ పేరు పలకలేదు. చచ్చిపోయినాక కూడా పలకలేదు.

అది సినిమా బొమ్మల్లోకి పోయినాక మంజరి అని పేరు మార్చినారు. ఐదు బొమ్మల్లో చేసింది. ఒక్కటీ నేను చూడలేదు. చూస్తే నాయన మొగం ఎట్ల చూసేది అని.

ఇప్పుడు ఐదూ చూడాల. యాడ ఆడితే ఆడికి పోవాల. చూసి, బాగుంటే బాగుందని, లేకపోతే లేదని ఈడ రాయాల. చెల్లెలని మెచ్చుకోకూడదు. పత్రికల్లో దాని గురించి వెతికినాను — ‘మంజరి కూడా కలదు’. అంతే. ఒకరన్నా సరిగ్గా చూసి రాయొద్దా...

జూన్ 5

నాతోపాటు పాఠాలు చెప్పే సలోమి టీచరుకు చెప్పినాను. బడిలో ఈ మాట చెప్పుకొనేదానికి ఆ యమ్మ తప్ప ఇంకెవరున్నారు.

“ఒక్కదానివే పోతావా రాజమ్మక్కా? నేనూ వస్తా.”

మీ పాస్టరయ్య ఏమనడా అంటే — “ఆయన కూడా దొంగతనంగా చూసినాడులే” అని నవ్వింది.

జూన్ 10

నిన్న ఆదివారం. రైల్లో చంద్రగిరికి పోయినాము. కోట దారిలో బొమ్మలాడే టెంటు కొట్టాయి వేసినారు. ఇసకలో కూర్చున్నాము, ఆడోళ్ళకు మొగోళ్ళకు మధ్య ఒక దుప్పటి అడ్డం.

దాని మొదటి బొమ్మ. రాణిగారి తోటలో చెలికత్తె. పూలబుట్ట పట్టుకోని ఆరుమంది ఆడపిల్లలు. రత్నం యాడుండాదో కనపడలా. మొగానికి అంత సున్నం పూసినారు. ఒక పిల్ల కొంగు తీసి నడుముకు చుట్టి, కొస లోపలికి దోపింది. మా అమ్మ దోపేటట్ల. అమ్మ పోయేటప్పటికి రత్నానికి నాలుగేండ్లు. ఎట్ల వచ్చింది దానికి?

“యాడక్కా, యాడ? నాకు చూపీ.”

“ఎడమ పక్క చివర.”

సలోమి చూసేలోపల తోట పోయి యుద్ధం వచ్చింది.

తర్వాత ఇంకోసారి వచ్చింది. రాణిగారి ముందర నిలబడి నోరు తెరిచింది — “దేవీ...” అనింది. రీలు తెగిపోయింది. జనం ఈలలు. అతికించి వేసేటప్పటికి రాణి ఒక్కతే కూర్చోని ఏడస్తా ఉండాది. రత్నం ఏం చెప్పిందో తెలీదు.

బాగా చేయలేదు. చేతులు యాడ పెట్టుకోవాల్నో తెలీక బుట్టను నలిపేస్తా ఉండాది. మాటిమాటికి మనకల్లే తిరిగి చూస్తాది. పద్దెనిమిదేండ్లు కూడా లేవు అప్పటికి.

జూన్ 11

యాడికి పోయినావని నాయన అడగలేదు. వాకిట్లో మంచం మీద కూర్చోని పిల్లోళ్ళకు భజన పాట చెప్తా ఉన్నాడు. కండ్లకు పొర కమ్మి రెండేండ్లాయ, మనిషి నీడ తప్ప ఏమీ కనపడదు. గొంతు మటుకు అట్లనే ఉండాది.

ఎదురింటామె — “మొగుడు పోయినోళ్ళు బొమ్మలకు పోతారా రాజమ్మా?” అనింది. పోతారమ్మా అన్నాను.

జూన్ 17

బడి తెరిచినారు.

మన ఊరి కొట్టాయిలోనే రెండో బొమ్మ. సాయంత్రం ఆటకు పోయినాము. పిచ్చిదాని వేషం వేసిందని రత్నమే అప్పట్లో ఎవరితోనో చెప్పి పంపింది, “అక్కకు చెప్పండి, జుట్టు విరబోసుకోని నిజంగా ఏడ్చినాను” అని.

మొదటి నుంచి చివరి దాకా రెప్ప వేయకుండా చూసినాను. పిచ్చిది లేదు. ఆ వేషమే లేదు. కోసేసినారు.

ఏం రాసేది?

జూన్ 20

రత్నం ఇల్లు విడిచి పోయిన పొద్దు గుర్తొస్తా ఉండాది. ఉత్సవంలో దాని పాట విని మద్రాసు కంపెనీ ఆయన వచ్చినాడు. నాయన కూర్చోబెట్టి కాఫీ ఇచ్చినాడు. సంగతి తెలిసినాక లోటా లాక్కున్నాడు.

“గుడి ముందర పాడేదానికి పాట నేర్పిస్తి. గుడారంలో పాడతావా?”

“గుడారంలోకి వచ్చేటోళ్ళూ మనుషులే గదా నాయనా.”

తిట్టలేదు, కొట్టలేదు. తంబూర తీసి గుడ్డ చుట్టి అటక మీద పెట్టినాడు. అది చూసి రత్నం ఏడ్చింది. అయినా పోయింది.

దాని గొంతు ఆయన కట్టిన ఇల్లు. ఒక్కో స్వరం, ఒక్కో విరుపు... అది పోతే ఇల్లు కూలిపోయినట్లే ఆయనకు. నాకూ కొంచెం చెప్పి చూసినాడు గానీ, నాది కాకి గొంతు.

జూన్ 24

నాయుడుపేట. బొగ్గు బస్సులో పోయేటప్పటికి మసి కొట్టుకుపోయినాము. దోవలో రెండుసార్లు ఆగి, డ్రైవరు దిగి, బొగ్గులు పోసి తిప్పుకోవాల్సి వచ్చింది. పోనీలే, పోయినందుకు ఫలం దక్కింది.

మూడో బొమ్మ. సవతి వేషం. మెత్తగా నవ్వతా పెద్ద పెండ్లాన్ని ఇంట్లోనుంచి తరమాల. అరుపులు లేవు, కండ్లు పెద్దవి చేసేది లేదు. తమలపాకు ఈనె తీస్తా, ఆకు కల్లే చూస్తానే, “అక్కకు పుట్టింటి మీద మనసు పోయినట్లుండాదండీ” అంటాది. అంతే.

నా పక్కన ఒకామె, బిడ్డకు పాలిస్తా, మెటికలు విరిచింది.

“దీని నోరు పడిపోనూ! దీని గొంతులో పుండు పుట్టా!”

నాకు కోపం రాలా. సంతోషం వచ్చింది. అంత బాగా చేసింది మరి. ఇసకలో కూర్చున్న ఆడోళ్ళంతా దాన్ని తిడతా ఉన్నారు. నేను ఒక్కదాన్నే చీకట్లో నవ్వుకుంటా ఉన్నాను.

ఈ వేషానికి ఏ వంకా లేదు. చెల్లెలని రాయడం లేదు.

జూలై 7

నిన్నటిది రాయాల. నిన్న రాయలేకపోతిని.

సెలవు పెట్టి చిత్తూరుకు పోయినాము. బొమ్మలు పంచే ఆఫీసు ఒకటి ఆడుండాదని కొట్టాయి మేనేజరు చెప్పినాడు. నాలుగో బొమ్మ ఎప్పుడు యాడ ఆడతాదో అడగాలని. అన్నిట్లోకి అదే పెద్దది. అందులో రత్నమే కథానాయిక. పాటలన్నీ అదే పాడింది. నాయన చెప్పిన గొంతుతో.

ఆఫీసులో పెద్దాయన, తమిళం కలిసిన తెలుగు.

“ఆ బొమ్మ లేదమ్మా.”

“యాడుండాదో చెప్పండి, ఆడికే పోతాము.”

“యాడా లేదు. నడవలే గదా ఆ బొమ్మ, ఎవరూ అడగలే. రీళ్ళు కడిగేసినారు. రీలు మీద వెండి ఉంటాదమ్మా. అది తీసుకోని, మిగిలిన రీలు గాజులు చేసేవాళ్ళకు ఇచ్చేస్తారు. దువ్వెనలు కూడా చేస్తారు.”

“పాటలు? గ్రామఫోను ప్లేట్లు?”

“యుద్ధంలో ప్లేట్లు చేసేదానికి లక్క యాడిదమ్మా? ప్లేట్లు వేయలే.”

నేను గోడకల్లే చూస్తా నిలబడితిని. సలోమి నా చెయ్యి పట్టుకునింది. ఆమె చేతికి గాజులు లేకపోవడం మంచిదాయ.

పెద్దాయన జాలిపడి, మంజరమ్మ కడాపటి బొమ్మ ఈ ఊర్లోనే హాల్లో ఆడతా ఉండాది, మధ్యాహ్నం ఆట ఉండాది, పోండి అన్నాడు. పోయినాము.

తల్లి వేషం. బిడ్డకు జ్వరం. వానలో మొగుడు వైద్యుని కోసం పోయినాడు. ఉయ్యాల ఊపతా జోల పాడతాది. మనిషి చిక్కిపోయి ఉండాది. బుగ్గ ఎముకలు... ఉయ్యాల తాడు పట్టుకున్న చెయ్యి పుల్ల మాదిరి. నోరు తెరిచింది. పాట వచ్చింది.

రత్నం గొంతు కాదు.

మంచి గొంతే. తేనె మాదిరి ఉండాది. కానీ మా రత్నం గొంతు అది కాదు. దానిది కొంచెం బొంగురు కలిసి, పైకి పోయేటప్పుడు గీరినట్లుంటాది. అది విని నిద్రపోయినదాన్ని నేను, నాకు తెలీదా?

రైలుకు ఇంకా టైము ఉండాది. మళ్ళీ ఆఫీసుకు పోయినాను.

“అయ్యా, ఆ జోల ఎవరు పాడినారు?”

“వేరే ఆమె, తెర వెనక. మంజరమ్మకు అప్పటికే గొంతు పోయింది గదా. క్షయ, గొంతుకు దిగింది. మాటలకే రోజంతా పట్టేదంట. నీళ్ళు కూడా మింగలేకపోయేది పాపం... మీరేం కావాలమ్మా ఆ యమ్మకు?”

“అక్కను.”

ఆయన లేచి నిలబడినాడు. కండువా భుజం మీది నుంచి తీసినాడు.

రైల్లో సలోమి ఏడస్తానే ఉండాది. నాయుడుపేటలో పక్కన కూర్చున్నామె తిట్టిన తిట్టు నా చెవుల్లో... ఆ తిట్టుకు నేను మురిసిపోతిని.

జూలై 8

వేషం గురించి రాయలేదు. రాయాల.

జోల పాడేటప్పుడు పెదాలు ఊరికే ఆడించడం లేదు. మెడ మీద నరం లేస్తా ఉండాది. కడుపులోంచి ఊపిరి తీసి పాడతానే ఉండాది. శబ్దం రాలేదు, అంతే. ఐదు వేషాల్లో ఇదే గొప్పది.

ఐదు అన్నాను. కండ్లతో చూసింది మూడు.

జూలై 15

ఆ జోలపాట బొమ్మ మన ఊరికే వచ్చింది. పొద్దన జట్కాలో తప్పెట కొట్టుకుంటా వీధంతా తిరిగినారు. “మన తిరుపతి ఆడబిడ్డ మంజరి! రండి, చూడండి!” మా వాకిలి ముందరే ఆపి అరిచినారు. నాయన పాట చెప్పడం ఆపేసినాడు. తప్పెట దూరం పోయినాక మళ్ళీ ఎత్తుకున్నాడు. శ్రుతి తప్పింది. నా బతుకులో మొదటిసారి విన్నాను ఆయన శ్రుతి తప్పడం.

జూలై 17

అన్నం పెడతా ఉంటే —

“రాజా. ఆ బొమ్మలో పాట ఉండాదా?”

చారు గరిటె గిన్నెలోనే పెట్టేసినాను.

“ఉండాది నాయనా.”

“ఎన్ని?”

“ఒకటే. జోలపాట.”

ముద్ద కలపతా కలపతా ఆపి, “నన్ను తీసకపో” అన్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. ఆ పాట అది పాడలేదు నాయనా అని. నోటి దాకా వచ్చింది. ఆయన మొగం చూసినాను. పొర కమ్మిన కండ్లతో నాకల్లే చూస్తా ఉన్నాడు, కొండమెట్లు ఎక్కినోని మాదిరి ఊపిరి తీస్తా.

చెప్పలేదు.

జూలై 19

నిన్న పోయినాము. మేనేజరు నాయన ముసలితనం చూసి, మొగోళ్ళ పక్క బెంచీ వేసి, నన్ను కూడా పక్కన కూర్చోనిచ్చినాడు. ఎవరూ ఏమీ అనలేదు. భజన అయ్యవారు బొమ్మకు వచ్చినాడని గుసగుసలు మటుకు.

కథ చెప్పబోతే, “గమ్మునుండు” అన్నాడు.

అది మాట్లాడిన ప్రతిసారీ తల అటుపక్క తిప్పినాడు. మాటలు దానివే గదా, నలిగిపోయిన గొంతుతో. “జలుబు చేసిందా దీనికి?” అన్నాడు ఒకసారి.

వాన శబ్దం. ఉయ్యాల కిర్రుమనింది. జోల మొదలైంది. నాయన నా అరచెయ్యి తీసుకోని దాని మీద తాళం వేసినాడు. మెల్లగా. చరణంలో పైకి పోయినకాడ వేలు ఆగిపోయింది.

పట్టేసినాడు, అనుకున్నాను.

“ఆ విరుపు నేను చెప్పలేదు” అన్నాడు.

నా చెయ్యి ఇంకా పట్టుకోనే ఉన్నాడు.

“నేను చెప్పినదానికంటే బాగుండాది. ఆ గీర కూడా పోయింది సూడు. మద్రాసులో ఎవరో మంచి గురువు దొరికినాడు దానికి.”

కండ్లలోంచి నీళ్ళు గడ్డం మీదికి కారతా ఉన్నాయి. తుడుచుకోలేదు. “నేను పోనీలేదు గానీ... పోయి బాగుపడిందే” అన్నాడు.

నిజం యాడనుంచి మొదలుపెట్టేది?

జూలై 20

సలోమి అంటాది — “చెప్పొద్దక్కా. ఆ ముసలాయనకు అదొక్కటే మిగిలింది.”

మరి రత్నానికి ఏం మిగిలింది? దాని గొంతు గాజులైపోయింది. ఆ గొంతు ఎట్లుండేదో తెలిసినోళ్ళం ఈ లోకంలో ఇద్దరం. అందులో ఒకరు మర్చిపోతా ఉన్నారు.

జూలై 21

పొద్దన పిల్లోళ్ళు వచ్చినారు. నాయన భజన పాట చెప్పలేదు. జోల ఎత్తుకున్నాడు. ఒక్కసారి విన్న పాట, అక్షరం పోకుండా. పైకి పోయేకాడ ఆ విరుపు. నేర్చుకోని ఉండాడు. ఒక పాప తన పాత అలవాటు ప్రకారం, ఆయన ఇన్నాళ్ళూ చెప్పినట్లే గీరి పాడింది.

“అట్ల కాదమ్మా. నేను తప్పు చెప్పినాను మీకు. మా రత్నం ఇట్ల పాడతాది, విను.”

మా రత్నం అన్నాడు. పదిమందిలో. వాకిట్లో, వీధికి వినపడేటట్ల. ఎదురింటామె తలుపు కాడికి వచ్చి నిలబడింది.

వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

జూలై 22

మధ్యాహ్నం నన్ను పిలిచి కూర్చోబెట్టుకున్నాడు.

“నాకు కనపడదు గదా. పాడేటప్పుడు దాని మొగం ఎట్లుండాది చెప్పు.”

చూసింది చూసినట్ల చెప్పినాను. చిక్కిందని, తాడు పట్టుకోని నిలబడిందని, మెడ మీద నరం లేచిందని. అబద్ధం ఒక్కటీ లేదు.

“నరం లేచిందా?” అన్నాడు. “అంత సులువుగా పాడేటప్పుడు నరం ఎందుకు లేస్తాది...”

ఆయన గడ్డం నిమురుకుంటా కూర్చున్నాడు. ఆయనకు తెలిసిందా? తెలిసీ వద్దనుకుంటా ఉన్నాడా?

కొట్టాయి రేపు పీకేస్తారంట. ఇయ్యాళ్టిదే కడాపటి ఆట.

పొద్దింకా వాలలేదు. నాయన అప్పుడే అంగీ తొడుక్కోని, కర్ర పట్టుకోని వాకిట్లో నిలబడి ఉండాడు. చెప్పేదయితే ఇప్పుడే చెప్పాల, పోకముందే. పిలస్తా ఉండాడు.

“రాజా... అయిందా? పాట పోతాది, రామ్మా.”