రెండో వడ్డనకు సంబంధించిన షరతు

మొగల్తూరు కాపురస్తురాలు, కీర్తిశేషులు త్రిమూర్తులు గారి భార్య, డెబ్బై రెండేళ్ళ శ్యామలాంబ అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, స్థిరబుద్ధితో రాయించిన వీలునామా ఇది. స్థిరబుద్ధికి ఈ పూట వరకే నాది పూచీ. రేపటి సంగతి డాక్టర్ శాంతికుమార్ గారిని అడగండి.

ఆయన స్కానింగ్ చూసి, మెదడులో పెద్ద కాలువలు బాగానే ఉన్నాయని, పంటబోదెల్లాంటి సన్నటి రక్తనాళాలు అక్కడక్కడా మూసుకుపోయాయని చెప్పారు. చిన్న చిన్న పక్షవాతాలు నాకు తెలియకుండానే వచ్చి పోయాయట. మా గుమ్మంలోకి ఎవరొచ్చినా నాకు తెలియకుండా ఉండదు, ఇవెలా వచ్చాయో! ఇక మీదట మతిమరుపులోకి రేవు మెట్లు దిగినట్టు ఉంటుందన్నారు. కొన్నాళ్ళు ఉన్నచోటే ఉంటాను, ఒకరోజు ఉన్నట్టుండి ఒక మెట్టు కిందికి. బీపీ అదుపులో ఉంటే ఒక్కో మెట్టు మీద ఎక్కువ కాలం కూర్చోవచ్చట. కూర్చోవడం నాకు చేతకాదని ఆయనకు తెలియదు.

ఏడాదిపాటు ఈ జబ్బు ఎవరికీ దొరకలేదు. కారణం మన గోదావరి మర్యాద. మా వియ్యంకుడు పెద్దిరాజు గారు వస్తే పనసపొట్టు కూరతో, గడ్డపెరుగుతో భోజనం పెట్టాను. ఆయన చెయ్యి కడుక్కుని అరుగు మీద కూర్చోగానే, "అయ్యో, ఎప్పుడనగా వచ్చారండి, లేవండి, కాళ్ళు కడుక్కోండి" అని మళ్ళీ విస్తరి వేశాను. కాదనలేక మళ్ళీ తిన్నారు. షుగర్ మనిషి, మర్నాడు ఆసుపత్రిలో చేరారు. అయినా వియ్యపురాలి మర్యాద గురించి ఊరంతా చెప్పుకున్నారే గాని అనుమానపడలేదు. అనుమానపడింది ఆయన కూతురు, నా కోడలు దుర్గాశ్రీ. స్కానింగ్‌కి తీసుకెళ్ళిందీ ఆమే. ఆ రోజు నుంచి గరిట నా చేతికివ్వదు. "మీరు కూర్చోండి అత్తయ్యగారూ" అంటుంది. నాకు ఒళ్ళు మండుతుంది.

1. ఇల్లు నా కొడుకు ఉదయభాస్కర్‌కి చెందుతుంది. ఈ వీలునామా అమలు బాధ్యతా వాడిదే. ఏ పనీ చివరిదాకా చేసే రకం కాదు కనుక వెనక కోడలు నిలబడవలెను.

2. నా తోటికోడలు అచ్చాయమ్మ దగ్గరున్న నా ఆవకాయ జాడీ తెప్పించవలెను. "నువ్వే ఇచ్చేశావు కదక్కా, మర్చిపోయావు" అని ఈమధ్య కొత్త పాట ఎత్తుకుంది. పొద్దుటి మాత్ర మరుస్తానేమో గాని జాడీ మరవను. పాతవి భద్రంగానే ఉంటాయని డాక్టరు గారే అన్నారు. జాడీ వచ్చాక కొత్తావకాయ సగం ఆమెకే పంపండి. వేరే డబ్బాలో.

3. ఈ జబ్బులో ఏడుపూ నవ్వూ కారణం లేకుండా వస్తాయి. మొన్న సబ్బు ప్రకటనకి ఏడ్చాను, ఒక పరామర్శలో నవ్వాను. కావున ఇకపై నా ఏడుపు ఎవరి మీదా ఫిర్యాదు కాదు, నా నవ్వు ఎవరికీ ఎగతాళి కాదు. అచ్చాయమ్మను చూసి నవ్వితే మాత్రం అది నా సొంత నవ్వే.

4. కింది మెట్లకు వెళ్ళాక నేను వేరే వీలునామా రాస్తే, డాక్టరు గారు పక్కన లేనిదే చెల్లదు. ముఖ్యంగా జాడీ విషయంలో.

5. పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరం కొబ్బరితోట దుర్గాశ్రీకి. చెయ్యి ఆడినన్నాళ్ళు నన్ను వడ్డించనిస్తేనే అని మొదట షరతు రాయించాను. పోపు వేశాక తర్వాత ఏం చేయాలో తెలియక నిలబడిపోతున్నాను, ఒప్పుకుంటాను. కాని పక్కన కూర్చుని ఇంకొంచెం వేసుకోమని అనడం కూడా పోతే నేనింకెవరిని?

మొన్న శనివారం గరిట లాక్కుని ఆమెకు విస్తరిలో వడ్డించాను. అంతా తిన్నది, పెరుగు కూడా వేయించుకుంది. తర్వాత చూస్తే, ఆమె పేరు చెక్కిన కంచం అప్పటికే ఎంగిలిగా సింకులో ఉంది. నేను ఏడ్చాను. ఆ ఏడుపు జబ్బుది కాదు.

షరతు కొట్టివేయించాను. తోటతోపాటు నా వెండి నేతిగరిట కూడా ఆమెదే.

6. ఒకరోజు మీలో ఎవరు ఎవరో నాకు తెలియదు. ఆ మెట్టు మీద కూడా, ఎదురుగా మనిషి కనబడితే "భోంచేశారా అండీ" అని అడుగుతాను. పెద్దిరాజు గారు తప్ప మిగతా అందరూ "ఇంకా లేదండీ" అనవలెను.

మొగల్తూరు, 11 ఆగస్టు 2025
(సంతకం) శ్యామలాంబ

సాక్షులు:
డాక్టర్ శాంతికుమార్
పెద్దిరాజు (ఈ రోజు ఒక్కసారే భోంచేశారు)