మేనత్త అమ్మ కాదుగా

ఏప్రిల్ 28, సోమవారం

డ్యూటీ దిగగానే పుస్తకం పట్టాను. నలభై మూడేళ్ల హెడ్ నర్సుకి సౌదీలో ఈ ఖమీస్ ముషైత్‌లో కూర్చుని ఇంగ్లండ్ లా డిగ్రీ ఎందుకని హాస్టల్లో అందరూ నవ్వుతారు. నవ్వనీ.

ఇవాళ ప్రిసిడెంట్, అంటే పాత తీర్పుల అధ్యాయం. పై కోర్టు ఒకసారి చెప్పింది కింది కోర్టు పాటించి తీరాలి. అయితే చెప్పిందంతా కాదు. తీర్పు ఏ కారణం మీద నిలబడిందో అదే రేషియో, కట్టిపడేసేది అదొక్కటే. మాటవరసకి జడ్జి అన్న మిగతాదంతా ఒబిటర్. దానికి గౌరవం ఉంటుంది గానీ బలవంతం ఉండదు. భలే నచ్చింది నాకు.

ఏప్రిల్ 30, బుధవారం

మా వార్డు వీణ ఏడుస్తూ వచ్చింది. పాలకొల్లులో వాళ్ల పిన్నికి ఆఖరి రోజులట. తల్లి పోయాక వీణని పెంచింది ఆవిడే. ఎమర్జెన్సీ లీవు HR కొట్టేసింది. అమ్మానాన్నలకైతేనే ఇస్తారంట, ముందు నుంచీ అంతేనంట, నువ్వే ఏదోటి చెయ్యక్కా అని చేతులు పట్టుకుంది. కాంట్రాక్టులో ఆ మాటే లేదు. ఎవడు పెట్టాడీ రూలు? రేపు HR క్లర్కు ఇష్తియాక్‌ని కడిగేస్తాను.

మే 1, గురువారం, మధ్యాహ్నం 3:30



ఆ రూలు పెట్టింది నేనే.

HRలో ఇష్తియాక్ ఫైలు తీసి నా ముందు పెట్టాడు. రెండేళ్ల కిందట నేను ఐసీయూలో ఉన్నప్పుడు, అక్కడి నర్సు నోయెల్ మేనత్త కోసం లీవు అడిగితే నేను రాసిన నోటు. ఐసీయూలో ఇద్దరే ఉన్నారు, పంపలేను అని ఉంది. అక్కడ ఆగాల్సింది. ఆ రోజు ఏం చిరాకులో ఉన్నానో, కింద ఇంకో ముక్క గీకాను: అయినా మేనత్త అమ్మ కాదుగా.

ఇష్తియాక్ ఆ ముక్కకే పసుపు హైలైటర్ పూశాడు. ఆప్ హీ నే తో లిఖా హై, సిస్టర్, మీరే కదా రాశారు అన్నాడు మామూలుగా. దాని ఫొటోకాపీ ఏడు అప్లికేషన్లకి పిన్ను కొట్టి ఉంది. అన్ని వార్డులవీ. ఏడూ రిజెక్ట్. నన్ను ఒక్కసారీ అడగలేదు.

మూడోది హలీమాది. మా వార్డు క్లీనర్, కడప మనిషి. పెంచిన నాని, అదే వాళ్ల అమ్మమ్మ, పోతే వెళ్లలేకపోయింది. ఆ రోజు టీ పెట్టిచ్చి, పక్కన కూర్చుని, HR వాళ్లవి రాతి గుండెలని తిట్టింది ఎవరు? నేను! ఛీ.

సాయంత్రం 5:00

మళ్లీ వెళ్లాను. అప్పుడు ఐసీయూలో ఇద్దరే, ఇప్పుడు మా వార్డులో ఆరుగురం, కేసే వేరన్నాను. ఆ రెండో ముక్క కారణం కాదు, నా నోటిదురుసు అన్నాను. అదే రాసిమ్మన్నాడు. రాసి సంతకం పెట్టాను. మేనేజర్ ఒప్పుకున్నాడు. వీణకి ఊరెళ్లి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా వచ్చేసింది.

మే 4, ఆదివారం

వీణ నిన్న ఊరు చేరింది. పిన్ని గుర్తుపట్టిందట.

మే 6, మంగళవారం

హలీమాకి చెప్పేశాను. లేచి వెళ్లి నాకు టీ పెట్టి తెచ్చింది. తాగలేకపోయాను.

మే 13

ఆన్‌లైన్ పరీక్ష. మూడో ప్రశ్న: ఒబిటర్ ఎవరినీ కట్టిపడేయదు, చర్చించండి.

జవాబులో ఆ ఏడు పేర్లు టైప్ చేసి సబ్మిట్ కొట్టాను.