అనెలీస్ చవక ప్రయాణం

ఓర్విల్,

పీతల పులుసు పొయ్యి మీదుంది, వేడి చేసుకో. నీ పాత స్నేహితురాలు అనెలీస్ సాయంత్రం పడవలో మన ఉటీలా దీవికి వస్తోంది కదా, వెనక గదిలో పక్క వేశాను. ఇసుక దోమలకి రాసుకునే కొబ్బరినూనె మాత్రం పెట్టలేదు. హోటల్ ఖర్చు లేకుండా గది ఇచ్చావు, డైవింగ్ సిలిండర్ అద్దె కూడా వద్దన్నావు, సరే. కానీ నిన్న ఫోన్లో ఆవిడతో "నీళ్ళ కింద నీ చెయ్యి వదలనులే" అన్నావు చూడు, ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేనెప్పుడు డైవింగ్‌కి వస్తానన్నా "నీకెందుకే, భయపడతావు" అనేవాడివి. నెలరోజులుగా మీ చెల్లెలు షెర్లీన్ దగ్గర నేర్చుకుంటున్నాను. ఇవాళ వెళ్తున్నది ఆఖరి పరీక్షకే.

మార్వా

అన్నట్టు, రేపు డైవింగ్ పడవలో నాకూ చోటుంచు. మీ ఇద్దరి మధ్య.