వంకాయరంగు చీర నా ఒంటి మీద వేయరాదు

శ్రీకాకుళం జిల్లా, పలాస మండలం, కాశీబుగ్గ కాపురస్తురాలు, కీర్తిశేషులు పైల సన్యాసయ్య గారి భార్య పైల బంగారమ్మ అను నేను, వయసు అరవై ఎనిమిది, ఒంట్లో కాస్త నలత ఉన్నా బుద్ధిలో ఏ లోపమూ లేకుండా, ఎవరి ఒత్తిడికీ లోబడకుండా వ్రాయించిన వీలునామా. నా బుద్ధి స్థిమితం గురించి తర్వాత ఎవరికైనా అనుమానం వస్తే, ఈరోజు నేను ఏం కట్టుకుని వచ్చానో సాక్షులను అడగవచ్చు. ఆకుపచ్చ అంచున్న అన్నం రంగు పొందూరు ఖద్దరు చీర, నీలి గళ్ళ జాకెట్టు, చేతికి మా ఆయన గడియారం. బుద్ధి చెడినవాళ్ళు ఇలా కట్టుకోలేరు.

కాశీబుగ్గలో వ్రాయిస్తే సాయంత్రానికి వీధంతా చెప్పుకుంటారని బస్సెక్కి టెక్కలి వచ్చాను. దీన్ని వ్రాస్తున్నది దస్తావేజు లేఖరి సింహాద్రి. సఫారీ సూటు వేసుకున్నాడు. దానికున్న జేబుల్లో సగం ఎందుకున్నాయో అతనికే తెలియదు, ఒకదానికి సిరా కూడా కారింది. ఇటువంటి మాటలు వీలునామాలో ఉండకూడదన్నాడు. ఆస్తి నాది, మాట నాది, వ్రాయమన్నాను. వ్రాస్తున్నాడు.

ముఖ్యమైన సంగతి ముందే చెబుతున్నాను. ఇది దినకర్మలయ్యాక తాపీగా బీరువా తీసి చదువుకునే కాగితం కాదు. నా ప్రాణం పోయాక, ఒంటికి నీళ్ళు పోయకముందే, నలుగురిలో పైకి చదవాలి. అందుకని అసలు ప్రతి ఇంట్లో పెట్టడం లేదు. మా వీధి చివర టైలరు సత్యానందం కొట్టులో ఉంటుంది. దీన్ని అమలు జరిపే బాధ్యత కూడా అతనిదే. మావాళ్ళలో ఎవరికీ ఎందుకు అప్పగించలేదో ఐదో అంశం వింటే తెలుస్తుంది.

1. కాశీబుగ్గలోని ఇల్లు, జీడిపప్పు బట్టీ, అందులోని సామాను నా తదనంతరం నా ఏకైక కుమారుడు తిరుమలరావుకు సర్వహక్కులతో చెందవలెను. వాడు మంచివాడు. వాడి చొక్కా చూసి ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేరు, అంతే. తళతళలాడే గుడ్డ, గొలుసు లోకానికి కనబడాలని విప్పిన పైగుండీలు, నడుముకు సెల్‌ఫోను సంచీ, కాళ్ళకు తెల్ల బూట్లు. జీడిపిక్క నూనె పడితే మరక జన్మలో వదలదని మా ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. బట్టీ యజమానికి తెలియదు. వాడి తండ్రి అదే బట్టీలో బతుకంతా గళ్ళ చొక్కాలే తొడిగాడు, మరక పడితే గళ్ళలో కలిసిపోతుందని. అందం కోసం చేసిన పని కాదు గాని, అందంగా ఉండేది.

2. ఉద్దానంలో నాకు పసుపుకుంకుమల కింద వచ్చిన కొబ్బరితోట కూడా తిరుమలరావుకే, కాని షరతు మీద. ఏడో అంశంలో చెప్పినది చెప్పినట్టు జరిపిస్తేనే. జరపకపోతే తోట మొత్తం నా మనవరాలు అశ్వినికి దఖలు పడుతుంది. ఏడుపులూ బతిమాలుకోవడాలూ చెల్లవు.

3. నా బంగారం యావత్తూ కోడలు దుర్గాదేవికి. నేను పెట్టుకోను, ఆమె పెట్టుకోకుండా ఉండలేదు. దుర్గాదేవికి మ్యాచింగు పిచ్చి. పచ్చ చీర కడితే జాకెట్టు పచ్చ, గాజులు పచ్చ, బొట్టు పచ్చ, క్లిప్పు పచ్చ, చెప్పులు పచ్చ. ఆవిడ గుమ్మంలో నిలబడితే అరటితోట అడ్డమొచ్చినట్టుంటుంది. ఒంటి మీద ఒక్కటే మాట్లాడాలి, మిగతావి వినాలి అని ఎన్నోసార్లు చెప్పాను. మా అత్తకు చాదస్తం అని పేరంటాల్లో చెప్పుకుంది. చాదస్తం నాదే కావచ్చు. రంగుల డబ్బా ఒలకబోసుకున్నది మాత్రం నేను కాదు.

4. నా చీరలన్నీ, బరంపురం పట్టువి, పొందూరువి, రంగు వెలిసినవి కూడా, కత్తిరించుకునే హక్కుతో సహా మనవరాలు అశ్వినికి. మొన్న అది తన లంగా మీద వాళ్ళ నాన్న పాత చొక్కా తొడిగి, చేతులు మోచేతుల దాకా మడిచి, చెవులకు పొడవాటి లోలాకులు పెట్టుకుని టెక్కలి కాలేజీకి వెళ్ళింది. బస్సులో ఆడపిల్లలు నవ్వారు. ఇంటికొచ్చాక తల్లి వీపు మీద ఒకటి వేసింది. పిల్ల ఏడవలేదు. మర్నాడు అదే చొక్కా ఇస్త్రీ చేసుకుని మళ్ళీ వేసుకుంది. ఆ పొద్దున్న నా పంచప్రాణాలూ లేచి వచ్చాయి. అమ్మా అశ్వినీ, నీకూ ఒక షరతు. నాలాగా కట్టకు. నీలాగా కట్టుకో.

5. ఇక వంకాయరంగు చీర సంగతి.

మన వైపు శుభకార్యాల్లో పెట్టే చీర కట్టుకోవడానికి కాదు, ఇంకొకరికి పెట్టడానికి. మడత విప్పకుండా ఇంటింటికీ తిరుగుతూనే ఉంటుంది. తిరుమలరావు పెళ్ళిలో సోంపేట వియ్యాలవారు నాకొక చీర పెట్టారు. వంకాయరంగు, దొంగ జరీ, ముట్టుకుంటే వేళ్ళు చురుక్కుమనే గుడ్డ. అంచు లోపల నీలిదారంతో చిన్న ముడి వేసి, ఇచ్ఛాపురంలో నా తమ్ముడు మల్లేశ్వరరావు గృహప్రవేశానికి మరదలి చేతిలో పెట్టేశాను. ఎంత దూరం పోతుందో చూద్దామనే ఆ ముడి. ఎంతో దూరం పోలేదు. అశ్విని పెద్దమనిషైనప్పుడు తమ్ముడు దాన్నే తెచ్చి, ఫొటో తీయించుకుంటూ మా కోడలికి పెట్టాడు. ముడి ఉంది. కోడలు ట్రంకుపెట్టెలో దాచింది.

పోయిన వానాకాలం నాకు జ్వరం ముదిరి డాక్టరు పెదవి విరిచినప్పుడు తమ్ముడు చూడ్డానికొచ్చాడు. ఆడది పోతే ఒంటి మీద పుట్టింటి చీర పడాలి. తేవలసినవాడు వాడు. వట్టి చేతులతో వచ్చాడు. గంజి పెట్టిన తెల్ల ఖద్దరులో వంగలేక నిలబడి, ఇప్పటికిప్పుడు ఏదైనా జరిగితే చీర సంగతేమిటని దుర్గాదేవిని అడిగాడు.

“కొత్తదెందుకు మావా, నువ్వెట్టిన వంకాయరంగుది పెట్టిలో ఉంది కదా. సచ్చిపోయినోలికి ఏ సీరైతే ఏటి, కాల్సీడానికే,” అంది దుర్గాదేవి.

తమ్ముడు అదీ నిజమేనన్నాడు. నాకొచ్చింది జ్వరం, చెవుడు కాదు. ఆ కోపానికే జ్వరం దిగింది.

కాబట్టి ఇద్దరూ వినండి. బతికినన్నాళ్ళూ నేనెవరో నేనే చెప్పుకున్నాను, కట్టుకున్న బట్టతో చెప్పుకున్నాను. ఊరు నన్ను చివరిసారి చూసేది ఆ రోజే. ఆ రోజు నా నోట మాట ఉండదు, నా తరఫున వంకాయరంగు మాట్లాడడానికి వీల్లేదు.

తమ్ముడు మల్లేశ్వరరావును మరిచిపోలేదు. మా ఆయన పోయిన పదో రోజున వాడు నాకు అంచు కూడా లేని తెల్లచీర తెచ్చి, ఇక ఇవే కట్టుకో అక్కా అన్నాడు. నేను దాని మీద ఏటేటా వడియాలు పెట్టాను. ఆ పనికి చక్కని చీర. దాన్ని వడియాల మరకలతో సహా వాడికే ఇచ్చేయవలెను.

6. టైలరు సత్యానందానికి నా నిలువుటద్దం. కొట్టులో పెట్టుకుని, వచ్చినవాళ్ళను ఒకసారి వెనక నుంచి కూడా చూసుకోమనాలి. నా బరంపురం పట్టు జాకెట్టు చంకలో బిగించి పాడుచేసిన నేరం ఇందుమూలంగా మాఫీ చేయడమైనది. అతనికొక పని కూడా ఉంది. ఈ కాగితం చదివిన వెంటనే వంకాయరంగు చీరను నా వాళ్ళందరి ఎదుట కత్తెర పెట్టి ముక్కలు చేసి, బట్టీలో చేతులు తుడుచుకోవడానికి పంచాలి. ఆ గుడ్డ నూనె కూడా పీల్చదు. అయినా సరే, అది ఇంకో ఇంటికి పోకూడదు.

7. నా ఒంటికి వేయవలసినవి ఇవి. ఈరోజు కట్టుకున్న ఈ ఖద్దరు చీరే, ఈ నీలి గళ్ళ జాకెట్టే. బంగారం వద్దు. కట్టవలసినది అశ్విని, ఇంకెవరూ చెయ్యి వేయరాదు. విధవరాలు చివరికి తెలుపులోకి వచ్చిందని సంబరపడేవాళ్ళకు, అది తెలుపు కాదు, అన్నం రంగు. తేడా కనబడనివాళ్ళకు చెప్పి లాభం లేదు.

మాట్లాడేది జాకెట్టు. దాని సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ముసలిదానికి ఫేషనని వీధిలో నవ్వారు, నవ్వనిచ్చాను. ఆయన పోయాక ఆయన బట్టలన్నీ ఆచారం ప్రకారం మూటగట్టి చాకలికి ఇచ్చేశారు. దండెం మీదున్న గళ్ళ చొక్కా ఒక్కటి లాగి బియ్యం డబ్బాలో దాచాను. ఈ జాకెట్టు అదే. జీడి మరక తప్పించి కత్తిరిస్తానన్నాడు సత్యానందం. తప్పించవద్దు, ఎడమవైపు రానిమ్మన్నాను. ఎందుకని అడగలేదు. అందుకే ఈ కాగితం అతని దగ్గరుంచుతున్నాను.

నా బట్టల గురించి ఆయన బతుకులో ఒకే ఒక్క మాట అన్నాడు. బరంపురం నుంచి నేను దిగిన రోజున పలాస ప్లాట్‌ఫారం ఆ చివర నిలబడి ఉన్నాడు. అంత జనంలో ఎలా కనిపెట్టావని అడిగాను. “నువ్వొత్తన్నావంటే దూరాన్నుంచే తెలిసిపోతాది,” అన్నాడు.

ఆయన కళ్ళు అంత మంచివి కావు. నేను వెళ్ళేచోట ఆయన ఎక్కడో చివర నిలబడి ఉంటే, వంకాయరంగులో వచ్చేది ఎవరో అనుకుని ముఖం తిప్పేసుకుంటాడు. కొబ్బరితోట అందుకు పణం పెట్టాను.

పై సంగతులన్నీ లేఖరి చదివి వినిపించగా విని, సరిగా ఉన్నవని ఒప్పుకుని, నా చేత్తో నేనే సంతకం చేశాను.

టెక్కలి, 2003వ సంవత్సరం నవంబరు నెల 17వ తేదీ, సోమవారం.

(సంతకం) పైల బంగారమ్మ

సాక్షులు:
1. ధర్మారావు, రిటైర్డు పోస్టుమాస్టరు, టెక్కలి
2. లక్ష్మీకుమారి, టీచరు, టెక్కలి

దస్తూరి: సింహాద్రి, దస్తావేజు లేఖరి, టెక్కలి